గాజుగోడ వెనక చోటు

హెమ్లాక్ బేలో జనం మాటల్ని పొదుపుగా వాడతారు. చలికాలానికి కట్టెలు దాచుకున్నట్టు దాచుకుంటారు. సరస్సు మీంచి వచ్చే మంచు ఒకసారి మొదలైతే ఏప్రిల్ దాకా ఊరిని వదలదు. ఆ కాలమంతా ఎదురుపడ్డ ఇద్దరూ "ఊఁ" అంటే "ఊఁ" అనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. కుశలప్రశ్నలు, వాతావరణం, ఇంట్లో వాళ్ల ఆరోగ్యం, అన్నీ ఆ ఒక్క "ఊఁ"లోనే అయిపోతాయి. అలాంటి ఊళ్లో మార్లిస్ నీమెలా ఎలా పుట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు.

మార్లిస్ నోరు మూతపడదు. పొయ్యి మీద కాఫీతో మాట్లాడుతుంది, స్టార్ట్ కాని కారుతో మాట్లాడుతుంది, హైస్కూల్లో లెక్కలు చెబుతూ మధ్యలో తన చిన్నప్పటి కుక్క సంగతి చెబుతుంది. ఆమె భర్త రెయినో మంచు తొలగించే లారీ నడిపేవాడు. ఆయన మాత్రం అచ్చం ఆ ఊరివాడే. ఒకసారి చర్చిలో కాఫీల దగ్గర ఎవరో జాలిపడి అడిగారు.

"ఎట్టా తట్టుకుంటున్నావయ్యా రెయినో?"

ఆయన కాఫీ ఊదుకుని, తాపీగా ఒక గుక్క తాగి, "ఆవిడ మాట్లాడతా ఉందంటే అంతా బాగున్నట్టే," అన్నాడు. ఆ ఏడాది నలుగురిలో ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అదే. మార్లిస్ ఆ మాట విని నవ్వింది. ఆ తర్వాత ఇంటికెళ్తూ దారంతా దాని గురించే మాట్లాడింది.

పిల్లలు ఆమెను మిసెస్ ఎన్ అంటారు. స్కూల్లో రోబో జట్టు మొదలుపెట్టింది ఆమే, వడ్రంగం, వెల్డింగు నేర్పే గోర్డన్ వూరినెన్‌తో కలిసి. జట్టుకు పిల్లలు పెట్టుకున్న పేరు స్నో షవల్స్. అంటే మంచు ఎత్తిపోసే పారలు. పేరు పెట్టుకున్నందుకు ఊళ్లో ముసలివాళ్ల ఇళ్లముందు మంచు ఎత్తే పని కూడా వాళ్ల మెడకే చుట్టుకుంది.

ఆట ఇది. మైదానం ఇంచుమించు బాస్కెట్‌బాల్ కోర్టంత ఉంటుంది. జట్టుకో రోబో చొప్పున ఇటు మూడు జట్లు, అటు మూడు. రెండున్నర నిమిషాల్లో రబ్బరు బంతులు ఏరి తొట్టిలోకి విసరాలి. ఆట ముగిసేలోపు మధ్యలో ఉన్న ఇనుప దూలానికి కొక్కెం తగిలించి, రోబో తన ఒళ్లు తాను పైకి లాక్కుని వేలాడాలి. మైదానం చివర నిలువెత్తు పారదర్శకపు గోడ ఒకటి ఉంటుంది. అది ప్లాస్టిక్కే అయినా పిల్లలు గాజు అంటారు. గాజు వెనక ఒక్కో జట్టుకూ ఇద్దరు డ్రైవర్లు నిలబడతారు. ఒకరు చక్రాలు నడుపుతారు, ఇంకొకరు రోబో చేయి ఆడిస్తారు. వాళ్ల వెనక కోచ్. కోచ్ కంట్రోళ్లను ముట్టుకోకూడదు, అది నిబంధన. డ్రైవర్లు విద్యార్థులే అయ్యుండాలి, కోచ్‌గా మాత్రం పిల్లలైనా ఉండొచ్చు, పెద్దలైనా ఉండొచ్చు. కోచ్‌ వాడుకోడానికి ఉన్నదల్లా నోరొక్కటే అన్నప్పుడు హెమ్లాక్ బేలో ఆ చోటు ఎవరిదో వేరే చెప్పాలా? జట్టు పుట్టిన నాటినుంచీ అక్కడ మార్లిసే. రెయినో వేటకు పెట్టుకునే నారింజరంగు చెవుల టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని మరీ నిలబడేది.

డ్రైవర్లను ఎంచుకోవడానికి ఆ జట్టుకు ఒక పద్ధతి ఉంది. మొదటి ఏడాది గోర్డన్ తన అక్క కొడుకుని డ్రైవర్‌ని చేశాడు. కుర్రాడు బాగానే నడిపాడు. అయినా సగం ఊరు గోర్డన్‌కి "ఊఁ" అనడం మానేసింది. ఆ ఊళ్లో ఎవర్ని కదిపినా ఎవరికో ఒకరికి పినతల్లి కొడుకో మేనమామ అల్లుడో అవుతాడు కాబట్టి ఎవర్ని ఎంచినా తగువే. మరుసటి ఏడాది మార్లిస్ నాటకాల స్టేజీ మీది పాత వెల్వెట్ తెర దింపించి జిమ్‌లో అడ్డంగా కట్టించింది. నడిపే పిల్లలు తెరకు అటు. చూసి తీర్పు చెప్పేవాళ్లు ఇటు. రోబో మాత్రం తెర కిందినుంచి ఇటు వచ్చి పని చేసుకుపోతుంది. ఎవరు నడుపుతున్నారో తెలియదు, ఎలా నడుపుతున్నారో తెలుస్తుంది. పిల్లలకు మాత్రం తెర సందుల్లోంచి మైదానం కనిపిస్తుంది. ఆ తెర వచ్చాక తగువు మాట మళ్లీ వినబడలేదు. మార్లిస్‌కి ఆ తెరంటే మహా గర్వం. కొత్తగా వచ్చిన వాళ్లకి మొదట దాని కథే చెప్పేది.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో రెయినో పోయాడు. లారీ దిగి ఇంటి మెట్ల మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

మార్లిస్ ఏడవలేదు, సెలవు పెట్టలేదు. అంత్యక్రియలు కాగానే స్కూలుకొచ్చింది. కానీ మాట రాలేదు. బోర్డు మీద లెక్క రాసేది, సుద్దముక్క చివరతో జవాబు చూపించేది, గంట కొడితే వెళ్లిపోయేది. "కాసేపు ఆపండి మిసెస్ ఎన్" అని బతిమాలే పిల్లలే ఆ నిశ్శబ్దంలో ఊపిరి సలపక కూర్చున్నారు. ఆ వారమే పెద్ద మంచు పడింది. అక్కడ పైకప్పు మీద మంచు పేరుకుంటే ఇల్లే కూలుతుంది. ఏటా రెయినో ఎక్కి దింపేవాడు. ఆ సాయంత్రం మార్లిస్ భయపడుతూ ఇంటికొచ్చేసరికి పైకప్పు నున్నగా తుడిచినట్టుంది. వాకిట్లోంచి రోడ్డు దాకా దారి తీసి ఉంది. తలుపు ఎవరూ తట్టలేదు. తర్వాత పడిన మంచుకీ అంతే, ఆ తర్వాతదానికీ అంతే. ఎవరన్నది వాళ్లూ చెప్పలేదు, ఆమే అడగలేదు. మెట్ల మీద మర్చిపోయిన ఒక చిన్న చేతితొడుగు మాత్రం తీసి కిటికీలో పెట్టుకుంది.

మార్చిలో పోటీ వచ్చింది. మార్లిస్ టోపీ పెట్టుకుని గాజు వెనక మూగగా నిలబడింది. ఆట మొదలైంది. రోబో బంతిని దాటిపోతోంది. ఉన్నట్టుండి గొంతులోంచి ఏదో తెగినట్టు, "ఒరే, వెనక్కిరా! బంతి నీ తోక దగ్గరే ఉందిరా నాయనా!" అని అరిచింది. డ్రైవర్లిద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి ఆమె మొహం చూశారు, రోబో సంగతే మర్చిపోయారు. ఆ ఆట ఓడిపోయారు. ఓడిపోయి బయటికొచ్చి మార్లిస్‌ని చుట్టుకుని గంతులేశారు. ఆనాటినుంచి ఆమె నోరు మళ్లీ మామూలే.

అందుకని ఆ చోటంటే ఆమెకు ప్రాణం. తన గొంతు తనకు దొరికింది అక్కడే. అక్కడినుంచి కదిలితే మళ్లీ ఆ ఫిబ్రవరిలోకి వెళ్లిపోతానేమోనని ఆమె లోపల భయం. ఇన్ని మాటలు చెప్పే మనిషి ఆ ఒక్క మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఈ ఏడాది జనవరిలో తెర పరీక్షలో నెగ్గి డ్రైవర్లు ఖాయమయ్యారు. చక్రాలకు హాలిస్ ట్రెవారో. హాకీ ఆడే కుర్రాడు, మాటకు ముందు కాలు కదులుతుంది. చేతికి కైయా సారి. ఊరి హాల్లో డాన్సులకు అకార్డియన్ వాయించే పిల్ల. కిందటేడూ వీళ్లిద్దరే. మర్నాడు వర్క్‌షాపులో అందరూ పనిలో ఉండగా హాలిస్ చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ మార్లిస్ దగ్గరికొచ్చాడు.

"మిసెస్ ఎన్, ఒక మాట చెప్పాలి. తిట్టకూడదు."

"తిట్టాలో లేదో మాట విన్నాక చూద్దాంలే. ముందు ఆ డ్రిల్లు ఎక్కడ పెట్టావో చెప్పు, నిన్న సాయంత్రంనుంచి వెతుకుతున్నా. మీ మామ్మ కూడా ఇంతే, చిన్నప్పుడు నా సైకిలు తీసుకెళ్లి..."

"అదిగో!" అన్నాడు హాలిస్. "నేను చెప్పాలనుకుంది ఇదే."

"ఏది?"

కైయా రోబో కిందినుంచి తల బయటపెట్టింది. "కిందటేడు చివరాట గుర్తుందా మిసెస్ ఎన్?"

గుర్తులేకేం. గెలిస్తే రాష్ట్రపోటీకి వెళ్లే ఆట. రోబో చేతిలో బంతి ఉంది, తొట్టి ఎదురుగా ఉంది. మార్లిస్ వెనకనుంచి ఒక్క ఊపిరిలో, "వదిలెయ్, కాదు పట్టుకో, ఎర్రజట్టోడు అడ్డంగా వస్తున్నాడు పక్కకి జరుగు, కైయా చెయ్యి దించు!" అంది. హాలిస్ మొదటి మాట విన్నాడు, కైయా చివరి మాట వింది. రోబో బంతి పట్టుకుని ఉన్నచోటే గిర్రున తిరుగుతూ ఉండగా గంట మోగిపోయింది.

"తప్పు మీదని కాదు," అన్నాడు హాలిస్ నేలచూపులు చూస్తూ. "కానీ మేం తెర వెనక్కి వెళ్తున్నాం కదా. కోచ్‌ కూడా వెళ్లాలి."

వర్క్‌షాపులో రంపాలు ఆగిపోయాయి. మార్లిస్ తొణక్కుండా, "ఓహో. అయితే నా మీద పోటీకి ఎవరట?" అంది.

మూలనుంచి టిల్డా ఓయలా చెయ్యెత్తింది. పదకొండో తరగతి పిల్ల. ఎత్తు, సన్నం, కళ్లు మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరి మొహం మీద ఉంటాయి. ఆ ఊరి లెక్కలో కూడా తక్కువ మాట్లాడే పిల్ల.

"నువ్వా!" అంది మార్లిస్. "టిల్డా తల్లీ, నా క్లాసులో హాజరు పిలిస్తే పలకడానికే బద్ధకించే దానివి, నువ్వు కోచ్‌వా?"

"అవును," అంది టిల్డా.

మార్లిస్ గోర్డన్ వైపు తిరిగింది. ఆయన వెల్డింగు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"నువ్వేమంటావ్?"

"మంచిదే," అన్నాడు గోర్డన్.

"మంచిదే అంటే ఏవిఁటి?"

"మంచిదే."

"పాతికేళ్ల స్నేహానికి నాలుగక్షరాలైనా రాలుస్తావనుకున్నా!" అని ఒంటికాలి మీద లేచి వెళ్లిపోయింది. ఆ రోజు పిల్లలకు తేవలసిన నిసు రొట్టె కారులోనే ఉండిపోయింది. ఏలకుల పొడి వేసి అల్లిన ఆ రొట్టె తేవడం ఆమె మర్చిపోవడం అదే మొదటిసారి. మర్నాడు ఉదయం తెచ్చి బల్ల మీద పెట్టింది గానీ ఎవరివైపూ చూడలేదు. కోపం వచ్చినా పిల్లల్ని ఆకలితో ఉంచే మనిషి కాదు.

పరీక్ష శనివారం. తెరైతే ఉంది గానీ కోచ్‌ పరీక్షకు తెర చాలదు కదా, మార్లిస్ గొంతు పక్క ఊరికి కూడా తెలుసు. అందుకని తీర్పరులు ముగ్గురికీ, అంటే గోర్డన్‌కీ ఇద్దరు పాత విద్యార్థులకీ, వర్క్‌షాపులో రంపం కోసేటప్పుడు పెట్టుకునే చెవిమూతలు తగిలించారు. ముగ్గురూ కుర్చీల్లో వరసగా ఆ చెవిమూతలతో కూర్చుంటే మంగలి షాపులో తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లలా ఉన్నారు. నాణెం ఎగరేస్తే మార్లిస్ వంతు ముందొచ్చింది. డ్రైవర్లు ఎవరికైనా ఆ ఇద్దరే.

ఆమె ముందే గట్టిగా అనుకుంది. ఇవాళ తక్కువ మాట్లాడాలి, నాలుక కరుచుకునైనా సరే. ఆ పట్టుదల మొదటి బంతి దాకా నిలిచింది. రెండో బంతికి, "ఆఁ, అదీ, మెల్లిగా, మెల్లిగా, అయ్యో మెల్లిగా అంటే ఆగమని కాదురా," అని మొదలుపెట్టి గంట మోగేదాకా ఆగలేదు. పరవాలేదు, బాగానే చేశారు. రోబో కొక్కెం తగిలించింది, కొంచెం పైకీ లేచింది. మార్లిస్ చెమట తుడుచుకుని పక్కకు జరిగింది.

తర్వాత టిల్డా వచ్చి డ్రైవర్ల వెనక నిలబడి, చేతులు రెండూ వెనక కట్టుకుంది.

"కిటికీ వైపు," అంది. హాలిస్ వెళ్లాడు. చాలాసేపటికి, "గడియారం వైపు." మళ్లీ చాలాసేపటికి, "విసురు."

రోబో ఎదురుగా మన వైపు వస్తుంటే దాని ఎడమ మనకు కుడి అవుతుంది. కొత్తవాళ్లు ఆ తిరకాసులోనే కొట్టుకుపోతారు. టిల్డా ఎడమ, కుడి అనే మాటే ఎత్తలేదు. మార్లిస్ అది గమనించి, ఇది బాగుందే, అనుకుంది. కానీ ఆమెను నిలువునా ఆపేసింది అది కాదు. టిల్డా మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఇంకేదో వినిపిస్తోంది.

"నే తిప్పుతా, నువ్వు పట్టు," అంటున్నాడు హాలిస్.

"ఇంకొంచెం ముందుకి. ఆఁ, చాలు," అంటోంది కైయా.

"వచ్చిందా?"

"వచ్చింది, పద."

డ్రైవర్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్లలో ఎందరో డ్రైవర్ల వెనక నిలబడింది మార్లిస్, ఎప్పుడూ వాళ్లలో వాళ్లు మాట్లాడుకోగా వినలేదు. మాట్లాడుకోవడానికి తను సందిస్తే కదా! ఆమె తెర అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"ఎక్కు," అంది టిల్డా చివర్లో. రోబో దూలం పట్టుకుని చకచకా పైకి లేచి, నిశ్చింతగా వేలాడింది.

తెరకు అటువైపునుంచి గోర్డన్, చెవులు మూసుకుని ఉన్న మనిషి కదా, జిమ్మంతా మార్మోగేలా, "రెండోవాళ్లు!" అని అరిచాడు. మిగతా ఇద్దరూ రెండు వేళ్లు చూపించారు. తెర పక్కకు లాగాక మార్లిస్ మొహం కనబడేసరికి గోర్డన్ చెవిమూతలు తీయడం కూడా మర్చిపోయి ఎర్రబడిపోయాడు.

"ఏవిఁటా మొహం?" అంది మార్లిస్. "కళ్లున్నవాడెవడైనా అదే చెబుతాడు. నేనైనా అదే చెప్పేదాన్ని." అని టిల్డా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. ఆ తర్వాత చీపుళ్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని కాసేపు ఊరికే నిలబడింది. తన పద్ధతి, తను కట్టిన తెర. దాన్ని తప్పు పట్టడానికి కూడా లేదు. బయట పిల్లలు గుసగుసలాడుతున్నారు. వాళ్లు సంబరపడటానికి తన మొహం చూసి జంకుతున్నారని ఆమెకు అర్థమై, తలుపు తీసి, "ఏడ్చినట్టుంది మీ సంబరం! ఆ రొట్టె ఎవరు తింటారు మరి?" అని కేకేసింది.

సోమవారం టోపీ తెచ్చి టిల్డాకి ఇచ్చింది. "తీసుకో. కోచ్ టోపీ ఇది."

టిల్డా టోపీని రెండు చేతులా పట్టుకుని చూసి, తిరిగి ఇచ్చేసింది. "మీదే. మీరే పెట్టుకోవాలి. స్టాండ్స్‌లో."

"స్టాండ్స్‌లో కూర్చునే ముసల్దానికి టోపీ ఎందుకే?"

"సరిగ్గా మాకెదురుగా కూర్చోండి. గాజుకి ఎదురుగా. కిందివరసలో." టిల్డాకి అది ఉపన్యాసం కింద లెక్క. చెప్పేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

పాపం, నా మనసు కష్టపెట్టకూడదని, అనుకుంది మార్లిస్. అలా అనుకోవడం ఇంకా కష్టంగా ఉంది. అయినా ఆ రోజునుంచీ స్కూలయ్యాక టిల్డాని పక్కన కూర్చోబెట్టుకుని తనకు తెలిసిందంతా చెప్పింది. బ్యాటరీ నీరసపడితే రోబో మూలుగు ఎలా మారుతుందో, కొక్కెం వంగితే ముందు ఏ పక్కకు ఒరుగుతుందో, ఎదుటి జట్టు అలిసిపోయిందని దేన్నిబట్టి తెలుస్తుందో. గంటల తరబడి చెప్పింది. టిల్డా ఆమె మొహంలోకి చూస్తూ అంతా వింది. నిజం చెప్పొద్దూ, అంత బాగా వినే మనిషి రెయినో తర్వాత మార్లిస్‌కి దొరకలేదు.

పోటీ పెద్ద వంతెనకు అవతల, దక్షిణాన. ఈ ఏడాది జట్టు దుమ్ము లేపింది. ఒక్కో ఆటా నెగ్గుకుంటూ చివరాట దాకా వచ్చింది, కిందటేడు ఎక్కడ ఓడిందో సరిగ్గా అక్కడికి. ఇది గెలిస్తే రాష్ట్రపోటీ.

మార్లిస్ నారింజ టోపీ చెవులమీదికి లాక్కుని కిందివరసలో కూర్చుంది. ఒళ్లో మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీల పెట్టె. కడుపులో మాత్రం పొద్దుటినుంచీ ఏమీ పోలేదు. అటు గాజు వెనక తన చోట్లో టిల్డా, చేతులు వెనక కట్టుకుని. మార్లిస్ అటు చూడకుండా పెట్టెలో పాస్టీలు లెక్కపెట్టింది. కానీ ఆట మొదలయ్యాక మరో సంగతి తెలిసింది. గాజు వెనకనుంచి ఇన్నేళ్లూ తనకు కనిపించింది సగం ఆటే. ఇక్కడినుంచైతే మైదానమంతా అరచేతిలో ఉన్నట్టుంది. పైగా ఇక్కడ మాట్లాడకూడదన్న వాడు ఎవడూ లేడు!

"అదిగో మా హాలిస్, ఆ మలుపు చూశారా? హాకీ కాళ్లండీ అవి," అంది పక్కనున్నావిడతో. ఆవిడ ఏదో ఊరినుంచి వచ్చి ప్రశాంతంగా ఆట చూద్దామనుకుంది పాపం. "చెయ్యి ఆడించేది కైయా, అకార్డియన్ వాయిస్తుంది. పాస్టీ తినండి, వాళ్ల మామ్మ చేసింది, రుటబాగా దుంప వేసిన అసలు పాస్టీ. అది లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు లెండి, వాళ్లని ఏమనాలో నాకు తెలీదు. విసురు, విసురు! ఆఁ, పడింది!" ఆవిడ పాస్టీ తీసుకుని మెల్లగా ఒక కుర్చీ అవతలికి జరిగింది.

చివరి అరనిమిషం. రెండువైపులా పాయింట్లు ఇంచుమించు సమానం. రోబో దూలం కిందికొచ్చి కొక్కెం విసిరింది. తగిలింది, పైకి లేవబోయింది, జారి ధబ్బున కింద పడింది. స్టాండ్స్ అంతా "అయ్యో" అంది. ఇక రెండే దారులు. కదలకుండా దూలం కిందే ఉంటే అక్కడికి చేరినందుకు కాసిని పాయింట్లైనా వస్తాయి, కానీ గెలుపు రాదు. మళ్లీ ఎక్కబోయి బోల్తాపడితే అవీ పోతాయి.

మార్లిస్ పాస్టీల పెట్టె పక్కన పడేసి లేచి నిలబడింది. "ఏం కాలేదు! కొక్కెం వంగలేదు, నేను చూస్తున్నాగా, తిన్నగానే ఉంది! పట్టు జారిందంతే! చల్లబడ్డ చేతికి తలుపు గడియ జారదూ? బ్యాటరీ ఉంది, బోలెడుంది, మూలగట్లేదు చూడండి! ఎక్కండర్రా, ఎక్కండి, ఏం చూస్తున్నారు?" ఆ హోరులో ఆమె గొంతు ఆమెకే వినిపించడం లేదు. ఆపడం మాత్రం ఆపలేదు.

గాజు వెనక టిల్డా తలెత్తింది. రోబో వైపు కాదు. స్టాండ్స్ వైపు చూసింది. ఒక్క క్షణం అలా చూసి, ముందుకు వంగి ఒకే ఒక్క మాట అంది.

కొక్కెం లేచింది. తగిలింది. రోబో బరువుగా ఊగుతూ నేలను విడిచింది. గంట మోగేసరికి గాల్లో ఉంది.

ఆ తర్వాత ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో చెప్పడం కష్టం. గోర్డన్ వరసగా మూడు వాక్యాలు మాట్లాడాడని తర్వాత చెప్పుకున్నారు. పక్కనున్నావిడ తిరిగొచ్చి ఇంకో పాస్టీ అడిగింది. మార్లిస్ కూర్చుని టోపీ తీసి దానితోనే కళ్లు ఒత్తుకుంది. గెలిచినందుకు సంతోషమే. కానీ తను లేకుండానే గెలిచారన్న ముల్లు కూడా లోపల ఎక్కడో ఉంది. ఆ ముల్లున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

కాసేపటికి టిల్డా మెట్లెక్కి వచ్చి పక్కన కూర్చుంది. మెడలో కోచ్ బిళ్ల ఇంకా వేలాడుతోంది.

"బాగా చేశావు తల్లీ," అంది మార్లిస్. "నేనైతే ఆ టైంలో కనీసం పది మాటలు అనుండేదాన్ని. రోబో కింద పడ్డప్పుడు నువ్వు కంగారు పడలేదేం? నాకైతే ఒళ్లు చల్లబడింది. అంత ధైర్యంగా ఎక్కమని ఎలా చెప్పావు?"

"మిమ్మల్ని చూశా."

"నన్నా? ఇంత గోలలో నా మాట వినబడిందా నీకు?"

"లేదు." టిల్డా టోపీ వేలితో తాకింది. "నోరు చూశా. కదుల్తోంది."

మార్లిస్‌కి అర్థం కాలేదు. టిల్డా మాటల కోసం వెతుక్కుంది. ఒక్కోటీ బావిలోంచి తోడినట్టు తోడి చెప్పింది.

"మీరు మాట్లాడుతున్నారంటే అంతా బాగున్నట్టే. నిజంగా పని పాడైపోతే మీరు మాట్లాడరు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మీరు బోర్డు మీద రాసేవారు, అంతే. మాకు భయమేసింది. ఏం చెయ్యాలో తెలీలేదు. అందుకని మీ పైకప్పు ఎక్కాం." ఆగి, ఊపిరి తీసుకుంది. "నా తొడుగు ఒకటి మీ కిటికీలో ఉంది. అందుకే టోపీ పెట్టుకోమన్నా. ఎదురుగా కూర్చోమన్నా. మీరు కనబడకపోతే నేను ఎక్కమని చెప్పలేను."

రెయినో చర్చిలో కాఫీ ఊదుకుంటూ అన్న మాట. అప్పటికి ఈ పిల్ల నడక కూడా నేర్చి ఉండదు. వినే వీల్లేదు. ఎవరూ చెప్పకుండానే, ఎనిమిదో తరగతి బెంచీ మీదనుంచే, తన మొహం చూసి తనంతట తానే కనిపెట్టుకుంది.

గాజు వెనక చోటు ఒక్కటే తనదనుకుంది మార్లిస్. ఈ పిల్లలు తనకోసం ఇంకో చోటు ఎప్పుడో పెట్టారు, తనే చూసుకోలేదు. పైకప్పు మీద మంచు దింపిన చేతుల్నీ, తన మూగతనంలో తోడు కూర్చున్న క్లాసునీ, తన సొద మొత్తం విని అందులోంచి కావలసిందే ఏరుకున్న ఈ పిల్లనీ తలుచుకుంటే ఎవరికి ముందు దణ్ణం పెట్టాలో తెలియలేదు. చెప్పాలనుకుంది. నోరు తెరిచింది. మాట పెగల్లేదు.

కింద హాలిస్, కైయా రోబోని బండి మీదికి ఎక్కిస్తున్నారు. జనం మెట్లు దిగిపోతున్నారు. మార్లిస్ టోపీని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

టిల్డా ఆమె మొహంలోకి వంగి చూసింది. మైదానంలో రోబో కిందపడ్డప్పుడు కూడా చెదరని ఆ పిల్ల కళ్లలో ఇప్పుడు కంగారు.

"మిసెస్ ఎన్, ఏదైనా మాట్లాడండి. నాకు భయమేస్తోంది."

మార్లిస్ ముక్కు ఎగబీల్చి, టోపీ నెత్తిన పెట్టుకుని, "ఆ తొడుగు నీదా? అయితే మూడు చలికాలాలు ఒంటిచేతి తొడుగుతో తిరిగావా, బుద్ధుందా నీకు?" అని మొదలుపెట్టింది. బస్సు పెద్ద వంతెన దాటి, అడవులన్నీ దాటి హెమ్లాక్ బే చేరేదాకా ఆమె నోరు మూతపడలేదు. బస్సులో ఒక్కరు కూడా ఆపమని అనలేదు.